మందు ఇచ్చారా? లేదు

జనవరి 10, ఆదివారం

వాడు నన్ను చూసి నవ్వాడు. ఈ మాట నోటితో అనడానికి లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. నాలుగో తరగతి చదివినవాడి రాత ఇలాగే ఉంటుంది. చదివేదీ నేనే కదా. ఈ నోటుపుస్తకం కొలిమి పక్క గూట్లో, ఆకురాళ్ల కింద ఉంటుంది. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు.

నాకు అరవై ఆరేళ్లు. నా కొడుక్కి రెండు నెలలు. బుగ్గలు వెన్నముద్దలు. వేళ్లు ఎంత పొడుగో, సమ్మెట పట్టడానికే పుట్టాడు. కళ్లు అచ్చం మా అమ్మవి. నా తండ్రి, నా బంగారం, నా కొలిమిలో నిప్పు. అల్లా నా మీద ఎంత దయ చూపించాడో రాయాలంటే ఇలాంటి పుస్తకాలు పది కావాలి.

బయట మాత్రం వాడు సుంతుకుంగ్. అంటే పెంటకుప్ప. ఎనిమిదో రోజున ఇమాముగారు చెవిలో చెప్పిన అసలు పేరు నాకూ నా భార్య ఫిలిజీకీ తప్ప ఎవరికీ తెలియదు. ఇక్కడ కూడా రాయను. నలుగురు బిడ్డలు పోయాక పుట్టినవాడిని అలాగే పిలవాలి. పనికిరాడని తెలిస్తే చావు పక్కనుంచి వెళ్లిపోతుందట. ఫిలిజీ కాన్యెలెంగుల్లో చేరింది, బిడ్డల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ల గుంపు అది. చిరుగు బట్టలు కట్టి, మెడలో సొరబుర్రలు వేలాడేసుకుని వాళ్లతో కలిసి వీధుల్లో ఎగురుతోంది. ఎవరైనా బిడ్డ ఎలా ఉన్నాడని అడిగితే, "ఏ బిడ్డ? ఆ చెత్తా? ఇంకా ఎవరూ ఊడ్చుకుపోలేదు" అంటుంది. నేనూ అలాగే అనాలి. అంటున్నాను. అనేసి ఇంటికొచ్చి వాడి అరికాళ్లు ముద్దు పెట్టుకుంటున్నాను.

జనవరి 11, సోమవారం

పరిశోధన కేంద్రం కుర్రాడు యేరో మోటారు సైకిలు మీద వచ్చాడు. పిల్లవాడి తొడకి కొత్త టీకా వేశాడు. తర్వాత సన్నటి తీగకి చుట్టిన దూదిని ముక్కులోకి దూర్చి తిప్పాడు. నా ప్రాణం కూడా ఆ తీగతో పాటే తిరిగింది. పిల్లవాడు ఏడుస్తుంటే యేరో అన్నాడు.

"ఏం కమ్మరీ, ఈ పెంటకుప్ప నీదేనా? పోలికలు లేవే. మనిషిలా ఉన్నాడు."

"ఆవులన్నీ నిన్ను వదిలేసి పోయాయని ఊళ్లో పిల్లల ముక్కులు తుడుచుకుంటూ బతుకుతున్నావా, నా బానిసా" అన్నాను.

యేరో ఫులా, పశువులు కాసే జాతివాడు. కమ్మరులకీ ఫులాలకీ తాతల నాటి పరాచికాల వరస. ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం రాకూడదు. నియమాలు రెండే. ఒకరి రక్తం ఒకరు చిందించకూడదు. ఒకరితో ఒకరు అబద్ధం ఆడకూడదు.

టీకా వేశాక పసివాళ్ల ముక్కుల్లోంచి ఏ క్రిములు పోతున్నాయి, ఏవి కొత్తగా వస్తున్నాయి, మందులు వాడితే వాటికి ఏమవుతోంది అని చూస్తున్నారట. ఒక కాగితం ఇచ్చాడు. రోజూ సాయంత్రం రాయాలి. జ్వరం ఉందా? దగ్గు ఉందా? మందు ఇచ్చారా?

"మందు ఇస్తే ఇవ్వు, నేనేం తిట్టను. ఏది ఇచ్చావో మాత్రం రాయి. రాయకపోతే మేం చూసేదంతా తప్పవుతుంది" అన్నాడు.

గోడకి మేకు కొట్టి తగిలించాను. వాడి పేరు మీద ఒక కాగితం! మిగతా నలుగురికీ అసలు

సరే.

జనవరి 19, మంగళవారం

ఉందట. వాడి ముక్కులో ఆ రొమ్ము జబ్బు క్రిమి ఉందట.

నేనే అడిగి చెప్పించుకున్నాను. యేరో మొదట నవ్వాడు. ఈ ఊళ్లో ఈ వయసు పిల్లల్లో నూటికి తొంభై మందికి ఉంటుందన్నాడు. నేను నవ్వకపోయేసరికి కూర్చుని విడమరిచి చెప్పాడు.

"ఊరి నడుమ అరుగు ఉంది కదా. అది ఎప్పుడైనా ఖాళీగా ఉందా? ఒక ముసలాడు లేస్తే ఇంకో ముసలాడు కూర్చుంటాడు. పిల్లల ముక్కూ అంతే. మా టీకా కొంతమంది చెడ్డవాళ్లని లేపి పంపించేస్తుంది. ఆ చోట్లో వేరేవాళ్లు వచ్చి కూర్చుంటారు. వాళ్లలో ఎక్కువమంది సాధువులు. కూర్చున్నంతసేపూ ఏ గొడవా లేదు. ఎప్పుడో ఒకడు రొమ్ములోకి దిగితేనే జబ్బు."

ఇంకా చాలా చెప్పాడు. నాకు వినబడింది రొమ్ములోకి దిగడం ఒక్కటే.

మూడోది, నాలుగోవాడు, ఇద్దరూ డొక్కలెగరేస్తూనే పోయారు.

జనవరి 20, బుధవారం

రెండు పారలు చేశాను. రెండూ వంకర. జ్వరం లేదు. దగ్గు లేదు. మందు లేదు.

జనవరి 21, గురువారం

సంత. కొడవళ్లు బాగానే పోయాయి. గొడుగు కింద చాప పరుచుకుని కూర్చుండే మందులవాడి దగ్గర ఊరికే ఆగాను. ఒళ్లు నొప్పులకీ గనేరియాకీ పుండ్లకీ రొమ్ము జబ్బుకీ అన్నిటికీ ఒకటే, ఎర్ర పసుపు క్యాప్సూలు. క్రిములు ఎక్కడున్నా చచ్చి ఊరుకుంటాయి పెద్దాయనా అన్నాడు. ఒక పొట్లం కొన్నాను.

వాడటానికి కాదు. కొలిమి దగ్గర నీళ్ల కుండ ఎప్పుడూ ఉంచుతాను, రోజూ మంట మీద పోస్తానా? ఉంటే ధైర్యం, అంతే. గూట్లో ఈ పుస్తకం పక్కనే పెట్టాను.

జనవరి 24, ఆదివారం

తుమ్మాడు. రెండుసార్లు.

ఎడారి గాలి. ఊరంతా దుమ్ము. అందరూ తుమ్ముతున్నారు, మేకలు కూడా తుమ్ముతున్నాయి. అది నాకు తెలుసు.

ఫిలిజీ నీళ్లకి వెళ్లింది. క్యాప్సూలు విప్పి, పొడి చిటికెడు కూడా కాదు, గోటి మీద నిలిచేంత, చక్కెర నీళ్లలో కలిపి వేలితో నాకించాను. ఎంత బుద్ధిగా చప్పరించాడో! వేలు వదలడే. నా బంగారం.

సాయంత్రం కాగితం మీద రాశాను. జ్వరం లేదు. దగ్గు లేదు. మందు ఇచ్చారా? లేదు. గోటి మీద నిలిచేది మందు ఎలా అవుతుంది?

జనవరి 25, సోమవారం

గోరంత. కాగితం మీద, లేదు.

జనవరి 28, గురువారం

గోరంత. మూడు రోజులుగా వాడికి నీళ్ల విరేచనాలు. ఫిలిజీ తను వేరుశనగ ముద్ద కూర తిన్నందుకే పాలు చెడ్డాయని అంటోంది. అయ్యుండవచ్చు. ఆ కూర ఆమె బాగానే తిన్నది.

ఫిబ్రవరి 3, బుధవారం

రోజూ ఇవ్వడం లేదు. రెండు రోజులు ఇచ్చి ఒక రోజు మానేస్తున్నాను. కొంచెమే కదా ఇస్తున్నది, కొంచెం ఇస్తే ఒంటికి బరువు ఉండదు. విరేచనాలు తగ్గాయి. బరువు పెరిగాడు. మెడ నిలబెడుతున్నాడు. సమ్మెట చప్పుడు అవుతుంటే అటే చూస్తాడు!

ఫిబ్రవరి 8, సోమవారం

రెండో టీకా. మళ్లీ తీగ. యేరో కాగితం తీసుకుని కొత్తది ఇచ్చాడు. "ఏం రాతరా ఇది, కోడి గీరినట్టు" అన్నాడు. నీ ఆవులు చదువుతాయిలే, వాటికి అర్థమవుతుంది అన్నాను. కాగితం మడిచి సంచీలో పెట్టుకునేదాకా వాడి చేతులే చూస్తూ ఉన్నాను.

ఫిబ్రవరి 16, మంగళవారం

ఏమీ లేదు! ముక్కులో ఏమీ లేదు! దూదికి ఒక్క క్రిమీ అంటలేదు!

నేను వాకిట్లో ఒక చుట్టు తిరిగాను. యేరో మాత్రం నవ్వలేదు, నెత్తి గోక్కున్నాడు. ఈ ఊళ్లో మూడు నెలల పిల్లాడి ముక్కు ఖాళీగా ఉండటం తనెప్పుడూ చూడలేదన్నాడు. టీకా అందరినీ లేపదు, కొందరినే లేపుతుంది, మిగతావాళ్లు ఏమైపోయారు అని తనలో తనే అనుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"కమ్మరీ, మందేమైనా పడిందా?"

"కాగితం చూశావు కదా" అన్నాను.

ఇది అబద్ధం కాదు. చూశాడా లేదా? చూశాడు.

ఫిబ్రవరి 17, బుధవారం

పొరపాటు చేశాను.

అరుగు మీద పచ్చ టీ మరుగుతోంది. ఎవరో తన మనవడికి జలుబని చెప్పాడు. నా నోరు ఆగలేదు. "నా కొడుకు ముక్కు అద్దంలా ఉంది. కేంద్రం వాళ్లే తెల్లబోయారు. అలాంటి బిడ్డ ఈ ఊళ్లో లేడు" అనేశాను. టీ గ్లాసు నా దాకా వచ్చేది పక్కవాడి దగ్గరే ఆగిపోయింది.

నేను ఇల్లు చేరేలోపే ఆ మాట ఫిలిజీకి చేరింది. ఆమె వాడి ముఖానికి బూడిద పూసి, చీపురు పక్కన పడుకోబెట్టి, నాకు అన్నం పెట్టింది.

మార్చి 1, సోమవారం

గుర్తొచ్చినప్పుడు గోరంత. ఇంకా కొన్ని క్యాప్సూళ్లు ఉన్నాయి. కాపలా ఉంటే మంచిదేగా.

మార్చి 8, సోమవారం

మూడో టీకా. తీగ. కాగితం నిండా లేదు, లేదు, లేదు. ఒకే మాట అన్నిసార్లు రాస్తే చెయ్యి దానంతటదే రాస్తుంది.

మార్చి 16, మంగళవారం

ఒళ్లు వేడిగా ఉంది. ఎండ వల్ల.

మార్చి 17, బుధవారం

ఎండ వల్ల కాదు. దగ్గు. ఊరి ఆరోగ్య కేంద్రంలో తీపి మందు సీసా ఇచ్చారు. ఫిలిజీ చెంచాతో పట్టింది. ఆమె బయటికి వెళ్లినప్పుడు నేను గోరంత కాదు, సగం క్యాప్సూలు ఇచ్చాను. ఏమీ కాలేదు. ఇంతకుముందు అంత బాగా పనిచేసింది, ఇప్పుడు నీళ్లు పోసినట్టే ఉంది.

కాన్యెలెంగులు వచ్చి కూర్చున్నారు. నా అరుగు మీది వాగుడు వల్లే ఇదంతా అంటున్నారు. నాలుకకి వాత పెట్టాలి అన్నది ఒకామె. నేను తల వంచుకున్నాను. అవును, వాగుడు వల్లే. పొగిడాను కదా. చావు విన్నది. వాగుడు వల్లే.

కాగితం మీద, జ్వరం ఉంది. దగ్గు ఉంది. మందు, తీపి మందు ఒక్కటే.

మార్చి 19, శుక్రవారం. ఆసుపత్రి నుంచి

నిన్న పొద్దున వాడు డొక్కలెగరేశాడు.

అది చూడటం ఇది మూడోసారి. పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతుంది, తిత్తి చినిగినప్పుడు తోలు లోపలికి పీక్కున్నట్టు. నేను ఈ పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. ఫిలిజీ వాడిని వీపుకి కట్టుకుంది. యేరో మమ్మల్ని మోటారు సైకిలు మీద రేవుకి చేర్చాడు. నది దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. అది ఇవతలికి వచ్చేదాకా నిలబడటం, ఆ నిలబడటం గురించి నేను రాయలేను. పంటు ఎక్కాక ఇనప తాడు అందరూ లాగాలి. సంతకి పోతున్న ఆడవాళ్లు బుట్టలు దించి లాగారు. నేను లాగాను. గాంబియా నది ఇంత వెడల్పు అని ఇన్నేళ్లూ నాకు తెలియదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. వాడి రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నది. ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా, ఈ రెండు నెలల్లో, ఏదైనా సరే అని అడిగింది.

ఫిలిజీ కొంగు ముడిలోంచి కాగితం తీసింది. గోడ మీది కాగితం. మేకు చిరుగుతో సహా తెచ్చుకుంది.

"ఒక్క చుక్క లేదు తల్లీ, నిన్నటి తీపి మందు తప్ప. ఇదిగో చూడు. మా ఆయన చదువుకున్నాడు. రోజూ సాయంత్రం రాస్తాడు. నేను పక్కనే కూర్చుని చూస్తాను."

డాక్టరమ్మ కాగితం చూసి, అయితే మామూలు మందే ఎక్కిద్దాం, రేపటిదాకా చూద్దాం అని నర్సుతో అన్నది. నర్సు సీసా తేవడానికి వెళ్తోంది. యేరో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. రేపటిదాకా అన్న మాట నా చెవిలో సమ్మెటలా పడుతోంది. నాలుగోవాడికి రేపు రాలేదు.

"ఆ కాగితం తప్పు" అన్నాను.

ఏది తప్పు, ఎంత ఇచ్చారు, ఎన్నాళ్లు ఇచ్చారు అని డాక్టరమ్మ అడిగింది. చొక్కా లోపలినుంచి ఈ పుస్తకం తీసి యేరో చేతిలో పెట్టాను.

వాడు మొదటి పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. అది పైకి చదవలేదు. తర్వాత పేజీలు తిప్పుతూ తేదీలు మాత్రం చదివాడు. జనవరి ఇరవై నాలుగు, గోరంత. ఇరవై ఐదు, గోరంత. ఇరవై ఎనిమిది, గోరంత. క్యాప్సూలు రంగు చదివాడు. మార్చి పదిహేడు, సగం క్యాప్సూలు, అది కూడా చదివాడు. డాక్టరమ్మ నర్సుని వెనక్కి పిలిచి, ఆ సీసా వద్దు, బీరువాలోని గట్టి మందు తీసుకురా అన్నది. ఆ కొత్త మందు నరంలోకి ఎక్కించారు.

యేరో పుస్తకం తిరిగి ఇస్తూ "బూరామా" అన్నాడు. కమ్మరీ అనలేదు. బానిసా అనలేదు. నా పేరు వాడి నోట మొదటిసారి విన్నాను. ఎవరైనా నన్ను కొట్టినా బాగుండేది.

ఫిలిజీ నా వైపు చూడలేదు. పిల్లవాడి చేతికి కట్టిన పట్టీ సర్దుతూ అన్నది.

"విరేచనాలకి నా పాలే కారణమనుకుని ఎనిమిది రోజులు ఉప్పు లేని గంజి తాగాను."

మార్చి 20, శనివారం

వేడి ఉంది. ఊపిరి లెక్కపెడుతున్నాను. లెక్క తప్పి మళ్లీ మొదలుపెడుతున్నాను.

మార్చి 21, ఆదివారం

డొక్కలు కాస్త నెమ్మదించాయి. రాయకూడదేమో. రాశాను.

మార్చి 23, మంగళవారం

పాలు తాగాడు! రెండు వైపులా తాగాడు! నా తండ్రి, నా

పొగడను.

యేరో వచ్చాడు. ఈ నెల ఎనిమిదిన తీసిన దూది ఫలితం తెచ్చాడు. ముక్కులో మళ్లీ క్రిములు ఉన్నాయి, వేరే రకం, టీకాలో లేనిది. గిన్నెలో వాటిని పెంచి, మధ్యలో మందు తడిపిన చిన్న కాగితం బిళ్ల పెడతారట. మామూలుగా బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఒక ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఇవి బిళ్ల అంచు దాకా వచ్చి కూర్చున్నాయట. బీరువాలోని మందు బిళ్లకి మాత్రం దూరంగా ఉన్నాయి.

"నేనే చేశానా?" అని అడిగాను.

"ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. మొండివాళ్లు ఊళ్లో ముందే ఉండి ఉండవచ్చు. నువ్వు అరుగు ఊడ్చి వాళ్లకి చోటు ఇచ్చావు. సాధువులు లేచిపోయారు. మందుకి లేవనివాళ్లే మిగిలారు. అందుకే రాయమన్నది."

వాడు ఎంత మెల్లగా చెప్పినా నాకు అర్థమైంది. నేను యాభై ఏళ్లుగా చేసేది ఏమిటి? ఇనుమును కాస్త కాల్చి నీళ్లలో ముంచుతాను, మళ్లీ కాస్త కాల్చి ముంచుతాను. కరిగేంత వేడి పెట్టను. కరిగితే కొడవలి ఉండదు. కొంచెం కొంచెంగా కాలిస్తేనే అది గట్టిపడుతుంది. పదును పెట్టడం నాకు కాక ఎవరికి తెలుసు? గోరంత, గోరంత, కొంచెమే కదా అని ఈ పుస్తకంలో ఎన్నిచోట్ల రాశానో ఇప్పుడు తిరగేసి చూశాను.

మార్చి 26, శుక్రవారం

ఇంటికి వచ్చాం. మిగిలిన క్యాప్సూళ్లు కొలిమిలో వేశాను. చెడ్డ వాసన.

యేరోని ఖాళీ కాగితాలు అడిగాను. జనవరి నుంచి మొత్తం మళ్లీ రాశాను. ఫిలిజీ పక్కన కూర్చుంది. ఒక్కొక్క తేదీకి పైకి చదవమంది. చదివాను. జనవరి ఇరవై నాలుగు, మందు ఇచ్చారా, ఇచ్చాను. అప్పుడు నేనెక్కడున్నాను అని అడిగింది. నీళ్లకి వెళ్లావు అన్నాను. ప్రతి తేదీకీ అదే అడిగింది. నేను చెప్పాను.

ఏప్రిల్ 1, గురువారం

కాన్యెలెంగులు పొద్దున్నే కొలిమి మీద పడ్డారు. నా మెడలో సొరబుర్రలు కట్టారు, నా పంచె తీసి ఆడవాళ్ల చిరుగు గుడ్డ చుట్టారు, సుంతుకుంగ్‌ని నా వీపుకి కట్టారు. పళ్లేలు వాయిస్తూ సంతకి తీసుకెళ్లారు. నేరుగా మందులవాడి చాప ముందుకి. అక్కడ పాట కట్టారు.

"కమ్మరి గోటితో కొలిచాడు, క్రిమికి పదును పెట్టాడు. కొడవలి కొనేవాళ్లెక్కడ? క్రిమికే గిరాకీ!"

సంతంతా గుమిగూడింది. నేను ఎగిరాను. అరవై ఆరేళ్ల మోకాళ్లతో ఎగిరాను. పిల్లలు ఉన్న తల్లులందరూ వింటున్నారు. మందులవాడు గొడుగు మడుచుకున్నాడు. వచ్చే వారం మళ్లీ తెరుస్తాడని నాకు తెలుసు. ఫిలిజీ అందరికంటే గట్టిగా పాడింది. మూడోసారి పాడేటప్పుడు నా వీపు మీద వాడు కిలకిలా నవ్వాడు. అప్పుడు ఆమె నా వైపు చూసింది. ఆసుపత్రిలో ఆ రోజు తర్వాత మొదటిసారి.

ఏప్రిల్ 13, మంగళవారం

మళ్లీ తీసిన దూది ఫలితం యేరో చెప్పాడు. అరుగు నిండిందట. ఆ మొండివాడు ఇంకా ఒక మూల కూర్చునే ఉన్నాడు, కానీ పక్కన వేరేవాళ్లు కూడా చేరారు. కొన్నాళ్లకి వాళ్లే వాడిని నెట్టేయవచ్చు, నెట్టకపోవచ్చు, చూడాలి అన్నాడు. సంచీ భుజాన వేసుకుని, "చొక్కా లోపల ఇంకేం పుస్తకాలు దాచావు, నా బానిసా" అన్నాడు.

నేను తిరిగి ఏదో అనాలి. నీ ఆవులకి చెప్పు అని మాత్రం అన్నాను.

సాయంత్రం సుంతుకుంగ్ తుమ్మాడు. నా చెయ్యి గూట్లోకి వెళ్లింది. ఆకురాళ్లు, ఈ పుస్తకం. ఇంకేం లేదు. వెనక ఫిలిజీ నిలబడి ఉంది. మళ్లీ తుమ్ముతాడేమోనని ఇద్దరం ఎదురుచూశాం. తుమ్మలేదు. గోడ దగ్గరికి వెళ్లి రాశాను, ఆమె చూస్తుండగా.

జ్వరం లేదు. దగ్గు లేదు. తుమ్ము, ఒకటి. మందు ఇచ్చారా?

లేదు.